నుకుయి బొటనవేలు

ఇనప వల వెనక మూడో వరసలో కూర్చునే పెద్దమనుషుల్ని కొత్తవాళ్ళు చూస్తే, పాపం ఏదో చావు కబురు విని వచ్చారనుకుంటారు. నవ్వరు. చప్పట్లు కొట్టరు. కుర్రాడు బంతిని సముద్రంలో పడేలా బాదినా మొహంలో ఒక్క గీత కదలదు. కదిలితే పక్కవాడికి తెలిసిపోతుంది, తెలిస్తే ఆ కుర్రాణ్ణి వాడు ఎగరేసుకుపోతాడు. పెద్ద బేస్‌బాల్ జట్ల తరఫున ఊరూరా తిరిగి హైస్కూలు కుర్రాళ్ళని ఏరే స్కౌట్ల బతుకు అది.

పెలికన్స్ జట్టు స్కౌటు నుకుయి తెయిజో ఆ మొహం పెట్టుకుని ఇరవై ఎనిమిదేళ్ళుగా తిరుగుతున్నాడు. వయసు యాభై ఏడు. ఒకప్పుడు క్యాచర్, బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి పట్టేవాడు. పెద్ద జట్టులో మూడంటే మూడు మ్యాచ్‌లు ఆడాడు, మూడూ ఓడిపోయారు. ఆటలో ఎలా ఉన్నా మొహం విషయంలో మాత్రం తనని మించినవాడు లేడని ఆయన గట్టి నమ్మకం. పెళ్ళిచూపుల్లో కూడా ఇదే మొహమని భార్య ఫుమిఏ ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

ఏప్రిల్ రెండో ఆదివారం, జపాన్‌లోని కోచి పడమటి తీరాన ఒక చిన్న హైస్కూలు మైదానంలో స్నేహపూర్వక మ్యాచ్ జరుగుతోంది. గట్టుకి అవతల చేపల డబ్బాల ఫ్యాక్టరీ, దాని అవతల సముద్రం. గాలి ఇటు తిరిగినప్పుడల్లా సూర చేపల వాసన గుప్పుమంటోంది. ఎనిమిది జట్ల స్కౌట్లు వచ్చారు. వాళ్ళంతా వచ్చింది అవతలి స్కూలు పిచ్చర్ కోసం. ఆ పిచ్చర్ ఎలా వేశాడో నుకుయికి ఇవాళ గుర్తు కూడా లేదు. ఆయన చూసింది ఇవతలి క్యాచర్ హమవాకిని.

నాలుగో ఇన్నింగ్స్‌లో బ్యాటుకి గీసుకున్న బంతి ఒకటి పైకి లేచి అంపైర్ మెడ కింద ఎముకకి తగిలింది. అంపైర్ అంటే ఊళ్ళో బియ్యం దుకాణం నడిపే ముసలాయన, అరవై అయిదేళ్ళుంటాయి. ఊపిరి ఆడక నోరు తెరిచాడు గానీ, ఆట ఆపమనడానికి ఆయనకి పౌరుషం అడ్డొచ్చింది. అప్పుడు హమవాకి చెయ్యెత్తాడు. "క్షమించండి, నా పట్టీ ఊడిందండీ" అని మోకాలి మీద కూర్చుని, ఎడమ కాలి కవచం పట్టీ విప్పి, తాపీగా మళ్ళీ కట్టుకున్నాడు. సరిగ్గా రాలేదన్నట్టు ఇంకోసారి విప్పి ఇంకోసారి కట్టుకున్నాడు. ఈలోగా ముసలాయనకి ఊపిరి అందింది. ఆ పట్టీ అసలు ఊడలేదు. అది నుకుయి కళ్ళారా చూశాడు.

ఆ ఇన్నింగ్స్ అయ్యాక హమవాకి అలవాటు ప్రకారం మైదానం ఎదుటి మూలనున్న రెండో బేస్‌కి బంతి విసిరాడు. క్యాచర్ గ్లవ్‌లో బంతి పడ్డ క్షణాన స్టాప్‌వాచీ నొక్కాలి, రెండో బేస్ దగ్గరి వాడి గ్లవ్‌లో పడ్డ క్షణాన మళ్ళీ నొక్కాలి. రెండు సెకన్లయితే పరవాలేదు. 1.9కి లోపలయితే స్కౌట్లు రాత్రి హోటల్లో నిద్రపోరు. నుకుయి వాచీ 1.84 చూపించింది.

ఆయన మొహం కదల్లేదు.

"ఎంతొచ్చిందేంటి?" అన్నాడు రెండు కుర్చీల అవతల కమలాపండు వలుస్తున్న కషివబర. క్రేన్స్ జట్టు స్కౌటు, అరవై ఏళ్ళవాడు. పాతికేళ్ళ నుంచీ వీళ్ళిద్దరూ ఇలాగే పక్కపక్కన కూర్చుని అబద్ధాలు చెప్పుకుంటున్నారు.

"వాచీ బ్యాటరీ అయిపోయింది" అన్నాడు నుకుయి.

"నాదీ అయిపోయింది. ఇదిగో, పండు తిను" అన్నాడు కషివబర, నోటు పుస్తకంలో ఏదో చిన్న ముక్క రాసుకుంటూ. ఆ తర్వాత ఆ ఏడాదంతా ఆయన మళ్ళీ ఆ మైదానం గడప తొక్కలేదు.

నుకుయి మాత్రం ఆగస్టు చివరికి పదకొండుసార్లు వెళ్ళాడు. వెళ్ళక తప్పని పరిస్థితి కూడా వచ్చింది. పెలికన్స్ ఆఫీసులో స్కౌట్ల మీద పెద్ద ఉషికు, ఈయనకంటే పన్నెండేళ్ళు చిన్న. జూన్‌లో పిలిచి టీ ఇచ్చాడు. ఉషికు టీ ఇచ్చాడంటే ఎవరికో మూడిందని ఆఫీసంతా అనుకుంటుంది.

"నుకుయి గారూ, మీరు చెప్పారని తీసుకున్న ముగ్గురు క్యాచర్లూ ఏమయ్యారు?"

"ఇళ్ళకి వెళ్ళారండీ."

"ముగ్గురికీ 1.85 అని రాశారు. మేం దాన్ని నమ్మి, చెయ్యి బాగుంది కదా అని ముగ్గురినీ విసరడం మీదే రుద్దాం. ఒక్కడూ విసరలేకపోయాడు." ఉషికు కప్పు కింద పెట్టాడు. "మీ ఒప్పందం అక్టోబరు నెలాఖరుతో అయిపోతుంది. ఈసారి కూడా గురి తప్పితే ఇక మీరు విశ్రాంతి తీసుకుందురుగాని."

నుకుయి హమవాకి ఫారం తీసి ముందు పెట్టాడు. చెయ్యి, కాళ్ళు, బ్యాటు, ఒడ్డూపొడుగూ అని నాలుగు గడులు. చెయ్యి గడిలో 1.84. మిగతా మూడింట్లో 'మామూలు' అని ఉంది. పట్టీ సంగతి రాయడానికి గడి లేదు, ఆయన రాయలేదు. పక్కన వీడియోలు కొలిచే కుర్ర ఉద్యోగి సకాకి గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండి గానీ, మీరు పంపిన వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టాను. 1.95 వస్తోందండీ."

"నీ కెమెరా నిన్న పుట్టింది. నా బొటనవేలికి యాభై ఏడేళ్ళు" అన్నాడు నుకుయి. పైకి అలా అన్నాడు గానీ గుండెల్లో రాయి పడింది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. పెద్ద జట్లకి వెళ్ళాలనుంది అని కుర్రాడు సంతకం చేసి కాగితం పెట్టేదాకా ఏ స్కౌటూ వాడితో మాట్లాడకూడదు. పలకరించినా తప్పే. ఏం మాట్లాడినా స్కూలు శిక్షకుడితోనే. ఆ శిక్షకుడు ఇసోబే నోటి దురుసు మనిషి. ఆగస్టు చివర్లో నుకుయిని గట్టు మీదికి తీసుకెళ్ళి నిలబెట్టాడు.

"మీ వాళ్ళ భాష నాకు రాదు నుకుయి గారూ. 'ఇకముందు కూడా శ్రద్ధగా గమనిస్తూ ఉంటాం' అంటారు. దాన్ని నేనేం చేసుకోను, నంజుకు తిననా? ఎదురుగా ఆ ఫ్యాక్టరీ చూడండి. వాళ్ళ జట్టులో క్యాచర్ చోటు ఒకటి ఖాళీగా ఉంది. ఉద్యోగం, జీతం, మధ్యాహ్నం నుంచి ఆట. వాళ్ళమ్మ అక్కడే పనిచేస్తుంది. సెప్టెంబరు ఇరవై దాకా ఆగుతామన్నారు. మా వాడు కాగితం పెడితే ఆ చోటు పోయినట్టే. పెట్టాక మీరెవరూ పిలవకపోతే వాడు చేపలు తోమాలి. ఎనిమిది మంది వచ్చారు, పదకొండుసార్లు వచ్చింది మీరొక్కరే. పెట్టమంటారా, వద్దంటారా? ఒక్క మాట."

"సెప్టెంబరు పదిహేనుకి వచ్చి చెప్తాను."

"రండి. ఆ ఒక్క మాట మీదే వాడి బతుకు నడుస్తుంది."

తిరుగు బస్సులో వస్తుంటే నుకుయికి సకాకి చెప్పిన అంకె చెవిలో దోమలా తిరిగింది. కెమెరాని నమ్మబుద్ధి కాలేదు. తన వేలిని నమ్మడానికి భయం వేసింది. వాచీ ఇంకొకరికి ఇచ్చి చూద్దామంటే, స్కౌట్లకి ఇస్తే గుట్టు రట్టవుతుంది. బేస్‌బాల్ తెలిసినవాడికి ఇస్తే వాడికీ ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఆట ముక్క తెలియని మనిషి కావాలి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఒక్క మ్యాచ్ కూడా చూడని మనిషి ఇంట్లోనే ఉంది.

"గడ్డి మంట మీద కాల్చిన సూర చేప తినిపిస్తాను, కోచికి వస్తావా?" అని అడిగాడు.

ఫుమిఏ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏం చేశారేంటి?"

"ఏం చెయ్యలేదు."

"ఏం చెయ్యకుండా మీరు నాకు చేప తినిపించరు."

అయినా వచ్చింది. సెప్టెంబరు పదిహేను మధ్యాహ్నం ఇద్దరూ వల వెనక నిలబడ్డారు. ఆవిడ గొడుగు ఎడమచేత్తో, వాచీ కుడిచేత్తో పట్టుకుంది. నుకుయి తన చేతిలో ఇంకో వాచీ పెట్టుకున్నాడు.

"ఆ ముసుగు పెట్టుకున్న అబ్బాయి చేతిలో టప్ మంటే ఒకసారి నొక్కు. అదిగో, ఆ దూరంగా ఉన్న అబ్బాయి చేతిలో పడగానే మళ్ళీ నొక్కు. అంతే."

"ఇంతేనా? దీనికా మీకు ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ జీతం ఇస్తున్నారు?"

"నొక్కు ముందు."

మొదట హమవాకి కంటే ఒక ఏడాది చిన్న క్యాచర్, బక్కపల్చని కుర్రాడు, అయిదు విసిరాడు. ఇద్దరి వాచీలూ ఒకటే. 2.10, 2.08, 2.11. నుకుయికి ప్రాణం లేచి వచ్చింది. వేలు బాగానే ఉందన్నమాట, తప్పు ఆ దిక్కుమాలిన కెమెరాదే. తర్వాత హమవాకి వచ్చాడు. టప్. టప్. నుకుయి వాచీ 1.84. ఆవిడ వాచీ 1.95.

"సరిగ్గా చూసి నొక్కు."

"చూసే నొక్కాను. మీరే ముందు నొక్కారు, బంతి ఇంకా దారిలో ఉంది."

మళ్ళీ విసిరాడు. 1.85. 1.96. మళ్ళీ. 1.84. 1.95. పదిసార్లు విసిరాడు, పదిసార్లూ నుకుయి వాచీ ముందు టిక్కుమంది, ఆ తర్వాత ఆవిడది. ఆఖరి రెండుసార్లు ఆయన పళ్ళు బిగబట్టి మరీ వేలిని ఆపాలని చూశాడు. ఆగలేదు.

"ఇందాకటి అబ్బాయికి ఇలా చెయ్యలేదే మీరు?" అంది ఫుమిఏ. గొడుగు భుజం మీదికి మార్చుకుని మొగుడి మొహంలోకి చూసింది. "ఈ అబ్బాయంటే మీకు ఇష్టం."

"నాకు ఎవరన్నా ఇష్టం లేదు. నాది కొలిచే ఉద్యోగం."

"ఆహా. టీవీలో మీకు నచ్చిన సుమో వస్తాదు దిగితే, అవతలివాడు పడకముందే కుర్చీలోంచి లేస్తారు. నాకు తెలీదా?"

ఇంటికి పంపేసిన ఆ ముగ్గురు కుర్రాళ్ళు నుకుయికి ఒక్కొక్కరే కళ్ళ ముందుకొచ్చారు. ఒకడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. ఒకడు మామగారి కిరాణా కొట్లో ఉన్నాడు. మూడోవాడి సంగతి ఎవరికీ తెలీదు. వాళ్ళ చేతులు 1.95వే. తన పాడు వేలు పదో వంతు సెకను దొంగతనంగా కోసేసి ముగ్గురి కొంపలూ ముంచింది. ఆయనకి సిగ్గేసింది, ఏడుపు వచ్చింది. మొహం మాత్రం అలాగే ఉంది.

నాలుగోవాణ్ణి ముంచకూడదనుకున్నాడు. తిన్నగా ఇసోబే దగ్గరికి వెళ్ళాడు.

"కాగితం పెట్టించకండి. ఫ్యాక్టరీకి పంపండి."

ఇసోబే నడుము వంచి దండం పెట్టాడు. "పదకొండుసార్లు వచ్చి ఈ మాట చెప్పడానికి మనసు గట్టిగా ఉండాలి. రుణపడి ఉంటాం" అన్నాడు. దూరంగా హమవాకి శిక్షకుడు వంగడం చూసి, ఎందుకో ఏమిటో తెలియకుండానే టోపీ తీసి తనూ వంగాడు. ఆ కుర్రాడి మొహం నిండా ఆశ ఉంది. నుకుయి అటు చూడలేక గట్టు దిగి వచ్చేశాడు. ఆ సాయంత్రం చేప ఫుమిఏ ఒక్కతే తింది.

ఉషికుకి ఫారం దిద్ది పంపాడు, 1.95 అని. ఉషికు మళ్ళీ టీ ఇచ్చాడు. ఈసారి పక్కన బిస్కట్టు కూడా పెట్టాడు. అక్టోబరు నెలాఖరుకి నుకుయి తన బీరువా ఖాళీ చేసుకుని ఇంటికొచ్చాడు.

జట్లు కుర్రాళ్ళని పిలుచుకునే రోజు ఆయన టీవీ పెట్టలేదు. సాయంత్రం అయిదింటికి తలుపు దబదబా బాదారు. కషివబర. మొహం కందగడ్డలా ఉంది. ముప్ఫై ఏళ్ళు దాచుకున్న మొహం కాదది.

"నీకు మతి పోయిందా? కోచి క్యాచర్ పేరు జాబితాలో ఎందుకు లేదు?"

"కాగితం పెట్టొద్దని నేనే చెప్పాను."

"నువ్వా! మూడో పిలుపు వాడికోసం అట్టేపెట్టి కూర్చున్నాను కదయ్యా! పై వాళ్ళతో పోట్లాడి అట్టేపెట్టాను!"

నుకుయికి ఏమీ అర్థం కాలేదు. "నువ్వు ఒక్కసారే వచ్చావు."

"మళ్ళీ వస్తే మిగతావాళ్ళు వాసన పట్టరూ? ఆ ఒక్కసారి చాలు నాకు. నీ వాచీ ముందు మోగింది." కషివబర చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూలబడ్డాడు. "ఎనిమిది వాచీలు ఒక్కసారి మొదలయ్యాయి. ఆగేటప్పుడు నీది ముందు ఆగింది, మిగతావన్నీ తర్వాత. ఇరవై ఏళ్ళ నుంచీ రాసుకుంటున్నాను, చూడు."

నోటు పుస్తకం చాపాడు. పేర్లు ఉన్నాయి, పక్కన తేదీలు, ఒక్కో పేరుకి ఎదురుగా 'నుకుయి ముందు' అని రెండే మాటలు. పదకొండు పేర్లు. ఆఖరిది హమవాకి.

"అది నా వేలి తప్పు!" అన్నాడు నుకుయి. "వాడిది 1.95. ఆ ముగ్గురిదీ అంతే. నేను కొలవడం తప్పు."

"1.95 అని నాకు తెలీదా? నాకూ వాచీ ఉంది. ఆ రోజు వల వెనక అందరికీ 1.95 వచ్చింది, నీకు తప్ప. ఈ పదకొండు మందిలో మీవాళ్ళు ముగ్గురిని తీసుకున్నారు. మేం ఏడుగురిని తీసుకున్నాం. అయిదుగురు ఇంకా ఆడుతున్నారు, ఇద్దరు జట్టు నాయకులు. నువ్వేం చూస్తావో నాకు తెలీదు. ఏదో చూస్తావు. మీవాళ్ళకి మాత్రం ఆ అంకె రాసి ఇస్తావు, వాళ్ళు దాన్ని నమ్మి కుర్రాణ్ణి విసిరించి విసిరించి చంపుతారు. నేను నీ అంకె ఎప్పుడూ అడిగి నమ్మలేదు."

"ఈ మాట ఒక్కసారైనా నాతో చెప్పొచ్చు కదా!"

"చెప్తే నువ్వు వేలు దిద్దుకోవూ?" అన్నాడు కషివబర. వెంటనే తనే తల కొట్టుకున్నాడు. "చెప్పకపోయినా దిద్దుకున్నావు."

ఫుమిఏ టీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. టీ చూడగానే నుకుయికి ఉషికు గుర్తొచ్చి కప్పు దూరంగా జరిపాడు. ఫ్యాక్టరీ జట్టులో చేరిన హైస్కూలు కుర్రాణ్ణి మూడేళ్ళదాకా ఎవరూ పిలవడానికి లేదు. అది రూలు. పద్ధెనిమిదేళ్ళ కుర్రాడి మూడేళ్ళు తన ఒక్క మాటతో పోయాయి.

ఆ మూడేళ్ళూ నుకుయి మైదానాల వైపు పోలేదు. వీధి చివర బళ్ళు నిలిపే స్థలంలో కాపలా పని చేశాడు. వాచీ ఫుమిఏ పట్టుకుపోయింది, గుడ్లు ఉడకబెట్టడానికి. మూడో ఏడాది జూలైలో కషివబర నుంచి ఒక కవరు వచ్చింది. లోపల కంపెనీ జట్ల పోటీకి టికెట్టు, వల వెనక మూడో వరస. చీటీలో ఒకటే ముక్క: 'ఖాళీ చేతులతో రా.'

వెళ్ళాడు. కషివబర రెండు కుర్చీల అవతల కూర్చుని కమలాపండు వలుస్తున్నాడు. చేపల ఫ్యాక్టరీ జట్టు క్యాచర్ ముసుగు వేసుకుని వచ్చాడు. భుజాలు వెడల్పయ్యాయి, నడక అదే. రెండో ఇన్నింగ్స్‌లో బంతి తప్పి అంపైర్ మోచేతికి తగిలింది. హమవాకి చెయ్యెత్తి మోకాలి మీద కూర్చున్నాడు. ఎడమ కాలి పట్టీ విప్పాడు. తాపీగా కట్టాడు. మళ్ళీ విప్పాడు.

ఇన్నింగ్స్ అయ్యాక రెండో బేస్‌కి విసిరాడు. నుకుయి తన తొడ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. బంతి ఇంకా దారిలో ఉండగానే బొటనవేలు లోపలికి నొక్కుకుంది. పక్కకి తిరిగి చూస్తే కషివబర ఆట చూడటం లేదు, ఆయన వేలినే చూస్తున్నాడు. చూసి నోటు పుస్తకం తెరిచాడు.

మ్యాచ్ అయ్యాక నుకుయి ఆటగాళ్ళు బయటికొచ్చే తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు తను స్కౌటు కాదు, మాట్లాడకూడదని ఏ రూలూ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క కుర్రాడితోనైనా ఇలా నిలబడి మాట్లాడింది లేదు. హమవాకి సంచీ భుజాన వేసుకుని వచ్చి, ఆయన్ని చూసి టక్కున ఆగి టోపీ తీశాడు.

"పెలికన్స్ నుకుయి గారు కదండీ! మీరు పదకొండుసార్లు వచ్చారు. నేను లెక్కపెట్టుకున్నాను."

"పన్నెండోసారి కూడా వచ్చాను. నీ కాగితం ఆపించింది నేనే. నీ మూడేళ్ళు పోగొట్టింది నేనే. నన్ను తిట్టు."

కుర్రాడు తిట్టలేదు. టోపీ చేతుల్లో తిప్పాడు. "ఒక్కటి అడగనా అండీ? మూడేళ్ళ నుంచీ మనసులో ఉండిపోయింది. మీ వాచీలో నాకెంత వచ్చింది?"

"1.84."

"మా శిక్షకుడి వాచీలో ఎప్పుడూ 1.95 అండీ."

"అదే నిజం. నా వేలు ముందు పరిగెత్తింది. నువ్వంటే ఇష్టమై పరిగెత్తింది." ఆ మాట నోటినుంచి వచ్చేసరికి నుకుయి మొహం మొత్తం కదిలిపోయింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. "ఆ రోజు బియ్యం దుకాణం ఆయనకి దెబ్బ తగిలినప్పుడు నీ పట్టీ ఊడలేదు. నేను చూశాను. చూసి కూడా ఎక్కడా రాయలేదు నాయనా. ఫారంలో గడి లేదని వదిలేశాను. రాయాల్సింది అదొక్కటే."

హమవాకి చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకుని తన బూట్ల వంక చూసుకున్నాడు.

"ఇవాళ కూడా ఊడలేదండీ" అన్నాడు.